మైదా జిగురు వాసన

మార్చి 8కి ముందు రోజు రాత్రి మా వంటింట్లో మైదా ఉడికించాను. మా అక్క మనవరాలు, దాని స్నేహితురాళ్ళు ముగ్గురు హాల్లో చాపల మీద కూర్చుని పోస్టర్లు తయారుచేస్తున్నారు. అట్టలకు కాగితాలు అతికించాలి. గమ్ము డబ్బా అయిపోయింది. పదిన్నర దాటింది. యాప్‌లో ఆర్డర్ పెడదామని ఒక పిల్ల ఫోన్ తీసింది. "ఉండండి, నేను చేసిస్తాను" అని లేచాను.

గ్లాసుడు మైదాను చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకోవాలి. మరుగుతున్న నీళ్ళలో సన్నగా పోస్తూ గరిటె తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పాలలా తెల్లగా ఉన్నది ఉన్నట్టుండి గాజులా మెరుస్తుంది. అప్పుడు దింపేయాలి. సరిగ్గా అప్పుడే లేస్తుంది ఆ వాసన. గంజికి దగ్గరగా ఉంటుంది కానీ గంజి కంటే బరువు. అది ముక్కుకు తగలగానే విద్యానగర్‌లో ఉన్న ఈ ఫ్లాటు నా కళ్ళ ముందు నుంచి పోయింది. నల్లకుంటలో ఆ మేడమీద గది, పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్, దాని ముందు గొంతుక్కూర్చున్న ఖమ్మం పిల్ల కనబడ్డారు.

"చిన్నమ్మమ్మా, పొంగుతోంది" అంటూ మనవరాలు వచ్చి స్టవ్ కట్టేసింది. "ఇందులో మైలుతుత్తం వెయ్యాలి" అన్నాను. అదేమిటో దానికి తెలియదు. నీలంగా ఉండే విషం, చిటికెడు వేస్తే పశువులు పోస్టర్ల జోలికి రావని చెప్పాను. ఒకప్పుడు హైదరాబాదు గోడల మీద పోస్టర్లను ఆవులు నాకి నాకి పీక్కు తినేవని చెబితే నలుగురూ చేస్తున్న పని ఆపి విన్నారు.

దానికి నాలుగు రోజుల ముందు నాకొక ఫోన్ వచ్చింది. ఒక పెద్దాయన పోయారనీ, బాగ్‌లింగంపల్లిలో సంస్మరణ సభ పెడుతున్నామనీ, పాతకాలపు మనిషిగా మీరూ నాలుగు మాటలు మాట్లాడాలనీ అడిగారు. ఆలోచించి చెప్తానన్నాను. ఆ నాలుగు రోజులూ ఎవరికీ చెప్పకుండా ఆ ఫోన్‌ను మోస్తూ తిరిగాను. మైదా వాసన రాకపోతే బహుశా ఇంకా అలాగే తిరిగేదాన్ని.

*

ఆ గది ఒక రిటైరైన గుమాస్తా గారి ఇంటి మీద ఉండేది. బయటి నుంచి ఇనుప మెట్లు. అడుగుల చప్పుడు విని పైకి వస్తున్నది ఎవరో చెప్పేవాళ్ళం. అద్దె ఏడుగురం పంచుకునేవాళ్ళం. నేను సూర్యాపేట వైపు పల్లె నుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన పిల్లను. నేనున్న హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికి మూసేవారు. ఆ తర్వాత బయట ఉండాలంటే లోకల్ గార్డియన్ ఉత్తరం కావాలి. నాకు ఆ ఉత్తరాలు గుమాస్తా గారి భార్య రాసిచ్చేది. సంతకం మాత్రం భర్త చేత పెట్టించేది.

నగరంలో అప్పటికే పెద్ద సంఘాలు నడిచాయి. ఉస్మానియాలో 1974లో ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ పుట్టింది. వరకట్నం మీద, అశ్లీల పోస్టర్ల మీద ఊరేగింపులు తీసింది. ఎమర్జెన్సీ దాన్ని చెదరగొట్టింది. తర్వాత స్త్రీశక్తి సంఘటన వచ్చింది. మాది వాటి నీడలో మొలిచిన చిన్న గుంపు. దాని పేరు ఇప్పుడు మాలో కొందరికే గుర్తుంది.

మాకు సొంతమైన ఆస్తి ఒక సైక్లోస్టైల్ మిషను, స్టెన్సిల్ పెట్టి రోలర్ తిప్పితే కరపత్రాలు అచ్చేసేది. ఎవరో ఆఫీసులో పాతదైపోయిందని ఇస్తే రిక్షాలో వేసుకుని తెచ్చుకున్నాం. తెలుగు కరపత్రమైతే స్టెన్సిల్ మీద చేత్తోనే రాయాలి, ఇనుప మొన ఉన్న కలంతో. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, మెత్తగా రాస్తే సిరా దిగదు. మన అక్షరాలన్నీ గుండ్రం కదా. సున్న చుట్టగానే మధ్యలో ముక్క గుండ్రంగా ఊడొచ్చి, అచ్చులో అక్కడ నల్లటి చుక్క పడేది. ఎవరు రాసినా అంతే. ఒక్క ఖమ్మం పిల్ల రాస్తే మాత్రం ఊడేది కాదు. సున్నను పూర్తిగా మూయకుండా, వెంట్రుకవాసి ఖాళీ వదిలి రాసేది. చదివేవాళ్ళకు ఆ ఖాళీ కనబడేది కాదు. మాకందరికీ అలా రాయడం నేర్పాలని చూసింది, ఎవరికీ పట్టుబడలేదు.

రోలర్ తిప్పుతుంటే వచ్చే చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చరక్, చరక్ అంటూ ఒక లయ. కాగితాలు అంటుకుంటే లయ తప్పేది, అందరం మాటలాపి అటు చూసేవాళ్ళం. వేళ్ళకు అంటిన సిరా కిరసనాయిలుతో తుడిచినా రెండు రోజులు పోదు. క్లాసులో లెక్చరర్ నా చేతులు చూసి "ప్రెస్సులో పని చేస్తున్నావా?" అని అడిగింది.

పోస్టర్లు తెల్లవారుజామున అతికించేవాళ్ళం. పోలీసులు డ్యూటీ మారే వేళ అది. ఒకరు బకెట్, ఒకరు బ్రష్, ఇద్దరు కాగితాలు, ఒకరు మూల మీద కాపలా. చలికాలం జిగురు చేతుల మీదే ఆరిపోయి చర్మం బిగుసుకుపోయేది. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి, అక్కడి నుంచి క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళ దాకా. పాల సైకిళ్ళు, మొదటి డబుల్ డెక్కర్ బస్సు, మసీదు నుంచి అజాన్, ఒకదాని వెనుక ఒకటి వినబడేవి. పని అయ్యాక ఇరానీ హోటల్లో చాయ్. ఆడవాళ్ళు ఫ్యామిలీ క్యాబిన్‌లోకే వెళ్ళాలి, పరదా వేసేస్తారు. ఒకరోజు ముందు టేబుల్ దగ్గరే కూర్చున్నాం. సర్వర్ రెండుసార్లు వచ్చి లోపలికి వెళ్ళమన్నాడు, మేం కదల్లేదు. హోటలంతా మమ్మల్నే చూస్తుంటే ఉస్మానియా బిస్కెట్ గొంతు దిగలేదు. అయినా ముక్క కూడా వదలకుండా తిన్నాం. మా మనవరాలు రాత్రి పదకొండింటికి కేఫ్‌లో లాప్‌టాప్ పెట్టుకుని ఒంటరిగా కూర్చుంటుంది. ఆ బిస్కెట్ గుర్తొచ్చి నాకు లోపల ఎంత సంతోషమో దానికి సరిగ్గా చెప్పలేకపోయాను.

*

నేను నగరానికి వచ్చిన కొత్తల్లోనే రమీజాబీ కేసు జరిగింది. 1978. సినిమా చూసి భర్తతో ఇంటికి వెళ్తున్న ఆమెను నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్ళి పోలీసులే చెరిచారు. ఎదురు తిరిగిన భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ళ దెబ్బలకు చనిపోయాడు. జనం శవాన్ని స్టేషన్ ముందు పెట్టారు. కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కమిషన్ ముందు పోలీసుల తరఫున జరిగిన వాదనంతా రమీజాబీ నడత మంచిది కాదని చూపించడానికే. తర్వాత కేసు రాయచూరు కోర్టుకు మారింది. 1981లో అందరినీ నిర్దోషులని వదిలేశారు.

మేం మొదటిసారి 'అత్యాచారం' అనే మాటను పైకి అన్నది ఆ రోజుల్లోనే. ఇంట్లో, ఊళ్ళో దానికి 'పాడు చేశారు' అనే మాట ఒకటే ఉండేది. పాడైపోయింది ఆమె అన్నట్టు.

సభ పెట్టుకోడానికి మాకు హాలు లేదు. దగ్గర్లో ఒక మహిళామండలి ఉండేది. కుట్టు క్లాసులు, అప్పడాలు, హిందీ పరీక్షలు. దాని ప్రెసిడెంటు తెల్ల ఖద్దరు చీర కట్టుకునే ఒక పెద్దావిడ, అందరూ ప్రెసిడెంటమ్మ అనేవారు. హాలు ఇస్తానంది. "మీటింగు పెట్టుకోండమ్మా. ఆ మాట మాత్రం మైకులో అనకండి. మగపిల్లలు కూడా వింటారు" అంది.

మేం అన్నాం. కావాలనే అన్నాం, మూడుసార్లు. రెండోసారికే ఆమె లేచి, చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆమె వెళ్తుంటే నాకు గర్వంగా అనిపించింది. పాతకాలపు మనిషి, ఈమెకేం తెలుసు అనుకున్నాను. అప్పుడు నాకు ఇరవై కూడా లేవు.

ఏడాది తిరక్కుండా ఒక రాత్రి ఒకామె తల పగిలి, చంకలో పిల్లతో మా ఇనుప మెట్లెక్కి వచ్చింది. మాలో ఎవరికీ ఆమెను ఉంచుకునే ఇల్లు లేదు. ఐదిళ్ళు తిరిగాం. పెద్దపెద్ద ఉపన్యాసాలిచ్చే వాళ్ళ ఇళ్ళు కూడా అందులో ఉన్నాయి. చివరికి ప్రెసిడెంటమ్మ తలుపు తట్టాం. ఏమీ అడగలేదు. వేడినీళ్ళు కాచింది. ఆమెను పదకొండు నెలలు తన దగ్గర ఉంచుకుని కుట్టు నేర్పి, మిషను ఇప్పించి పంపింది. మైకు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ప్రెసిడెంటమ్మ బాల్యవితంతువనీ, జుట్టు తీయించుకోనని తొమ్మిదేళ్ళప్పుడే ఇంట్లో ఎదురు తిరిగిందనీ ఆమె పోయాక తెలిసింది. మేం అడగనే లేదు కదా.

*

మా ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉండేది, వరసకు. తెలంగాణ సాయుధ పోరాటంలో చీటీలు మోసింది. సజ్జరొట్టెల మూటలో పెట్టుకుని పొలాల గట్ల మీద నడిచి దళాలకు చేర్చేది. నేను స్త్రీల సంఘంలో ఉన్నానని తెలిసి సెలవులకు వెళ్ళినప్పుడు పిలిపించింది. మా ఊరేగింపులు, గోడల మీద రాతలు, సభలు, అన్నీ ఉత్సాహంగా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"మీ సంఘంల వంట ఎవరు చేస్తరు బిడ్డా?"

మాది ఆడవాళ్ళ సంఘమే కదా, అందరం చేస్తామన్నాను. "మగోళ్ళు వచ్చిననాడు?" అంది. నేను ఆలోచిస్తుంటే తనే చెప్పింది. 1951లో పోరాటం ఆపేశాక తుపాకులు దించమన్నారట. ఆడవాళ్ళకు ఇళ్ళకు పోయి సంసారాలు చూసుకోమన్నారట. "తుపాకి దించినంక నాకు గరిటె ఇచ్చిన్రు. ఆయనకు జెండా ఇచ్చిన్రు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. చాలా ఏళ్ళ కిందే అన్న మాటను మళ్ళీ అన్నట్టుంది.

1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళ 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. పోరాటంలో ఉన్న ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన కథలు. కోఠిలో కొని, ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక బస్టాపులోనే తెరిచాను. మా పెద్దమ్మ అందులో లేదు. అయినా పేజీ పేజీలో ఆమె గొంతే వినబడింది.

*

ఇక రాయడానికి ఇన్నేళ్ళు పట్టిన సంగతి.

ఫోన్‌లో పోయారని చెప్పిన ఆ పెద్దాయన మంచి వక్త. ఆయన వస్తున్నాడంటే హాలు నిండేది. మా చిన్న సంఘానికి నెలనెలా చందా ఇచ్చేవాడు, కరపత్రాలు ప్రెస్సులో అప్పు మీద వేయించేవాడు. స్త్రీల సమస్య మీద ఆయన మాట్లాడితే మాలో కొందరికి కళ్ళల్లో నీళ్ళు వచ్చేవి. ఒక వ్యాసం తీసుకురావడానికి ఖమ్మం పిల్ల ఆయన ఇంటికి వెళ్ళింది. ఇంట్లో వేరే ఎవరూ లేరు. ఏం జరిగిందో ఆమె మాకు చెప్పింది. అది ఆమె మాట, నేనిక్కడ రాయను.

ఆ సాయంత్రం ఐదుగురం గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. కరెంటు పోయింది, లాంతరు పెట్టుకున్నాం. ఆమెను కింద కూర్చోమన్నాం. ఒకరు, పత్రికల వాళ్ళు ఇలాంటి దానికోసమే కాచుకుని ఉన్నారన్నారు. ఒకరు, ఉద్యమానికి చెడ్డపేరన్నారు. ఒకరు ఆయన భార్యను తలుచుకుని బాధపడ్డారు. నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కేసు పెడితే కోర్టులో నిలబెట్టేది దీన్నే. రమీజాబీని చూశాం కదా."

రమీజాబీ పేరుతో గోడలన్నీ నింపిన దాన్ని. ఆమె పేరు చెప్పి ఒక ఆడపిల్ల నోరు మూయించాను.

కిందికి వెళ్ళి చెప్పే పని కూడా నాకే పడింది. ఖమ్మం పిల్ల నన్ను అక్కా అని పిలిచేది, నా మాట వింటుందని. ఆఖరి మెట్టు మీద కూర్చుని ఉంది. ఆయనకు మనం గట్టిగా చెప్తాం, ఇక ముందు ఆయన ఇంటికి ఎవరినీ పంపం, నువ్వు ధైర్యంగా ఉండు అన్నాను. "సరే అక్కా" అంది. లేచి లంగా దులుపుకుంది. అంతే.

తర్వాతి వారం రాలేదు. ఆ పైన ఎప్పుడూ రాలేదు. ఆమె ఇనుప కలం చేతిరుమాల్లో చుట్టి మిషను పక్కన ఉంది. తర్వాతి కరపత్రం నేను రాశాను. అత్యాచార చట్టం మార్చాలని పెట్టిన సభ కోసం. సున్నలన్నీ ఊడిపోయి కాగితమంతా నల్లచుక్కలు. ఆ సభలో ముఖ్యవక్త ఆయనే.

ఆయనకు గట్టిగా చెప్పడం కూడా జరగలేదు.

*

చట్టం మారింది. 1983లో. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లోనే పోలీసులు చెరిచిన ఆదివాసీ పిల్ల మథుర కేసులో సుప్రీంకోర్టు ఆ పోలీసులను వదిలేశాక దేశమంతా లేచిన ఆందోళన వల్ల. కస్టడీలో జరిగిన అత్యాచారంలో, ఒప్పుకోలేదని ఆమె చెబితే కోర్టు దాన్ని నమ్మి మొదలుపెట్టాలని వచ్చింది. అదే ఏడాది భర్త, అత్తింటివాళ్ళు పెట్టే హింస మీద 498ఎ సెక్షన్ వచ్చింది. 1986లో వరకట్న మరణాలకు 304బి, పెళ్ళైన ఏడేళ్ళ లోపు అనే నియమంతో.

ఈ అంకెలు తర్వాతి తరం పిల్లలకు పరీక్షలో రాసేవి. మాకు ఒక్కో అంకె వెనుక కాలిన గాయాల వార్డు ఉంది. అప్పట్లో ప్రతి కోడలూ 'స్టవ్ పేలి'నే చనిపోయేది. వార్డులో మంచం పక్కన అత్త కూర్చుని ఉంటుంది. మెజిస్ట్రేటు వచ్చి మరణ వాంగ్మూలం తీసుకునే లోపు అత్తను బయటికి పంపాలి. అదే మా పని. కొందరు నిజం చెప్పేవాళ్ళు. కొందరు పిల్లలు గుర్తొచ్చి, స్టవ్వే పేలిందని కళ్ళు మూసుకునేవాళ్ళు. పేలని స్టవ్ వంటింట్లో అలాగే ఉండేది. నేను చూశాను. అందుకే చట్టం, కేసు, కమిటీ అంటే మా తరానికి అంత పట్టుదల. ఒక్కో సెక్షన్‌ను చేతులు కాల్చుకుని తెచ్చుకున్నాం.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మండల్ రిజర్వేషన్ల గొడవల తర్వాతి రోజుల్లో మా దగ్గరికి పాలమూరు నుంచి ఒకమ్మాయి వచ్చేది, దళిత కుటుంబం. నాలుగు నెలలు మీటింగులకు వచ్చి, ఒకరోజు లేచి నిలబడింది. "మీటింగు అయినంక చాయ్ గ్లాసులు ఎవరు కడుగుతున్నరో ఎవరన్నా చూసిండ్రా?" అంది. మేం పురుషాధిపత్యం మీద తీర్మానం రాస్తున్నాం. నాలుగు నెలలుగా గ్లాసులు కడుగుతున్నది ఆమే. మేం ఎవరం చెప్పలేదు, ఎవరం ఆపలేదు. దళితుల ఊచకోత జరిగిన కారంచేడు మీద, చుండూరు మీద కరపత్రాలు వేసిన చేతులు మావి. మా పెద్దమ్మ వంట గురించి అడిగిన ప్రశ్న అప్పుడు నాకు మళ్ళీ వినబడింది. ఆ అమ్మాయి తర్వాత తనవాళ్ళతో వేరే సంఘం పెట్టుకుంది. మాలో కొందరు చీలిక తెచ్చిందన్నారు. నేను అనలేదు కానీ, అన్నవాళ్ళను కాదనలేదు.

*

2017 అక్టోబరులో అమెరికాలో లా చదివిన రాయా సర్కార్ ఫేస్‌బుక్‌లో ఒక జాబితా పెట్టారు. లైంగికంగా వేధించారని అమ్మాయిలు చెప్పిన అధ్యాపకుల పేర్లు. కొందరు సీనియర్ స్త్రీవాదులు దాన్ని వెనక్కి తీసుకోమని ప్రకటన ఇచ్చారు. ఫిర్యాదుకు కమిటీ అని ఒక పద్ధతి ఉంది, వివరాలు లేకుండా పేర్లు పెడితే ఇన్నేళ్ళ పోరాటానికి దెబ్బ అని. నాకు ఆ ప్రకటనలో ప్రతి మాటా న్యాయంగానే కనబడింది. మనవరాలికి ఫార్వర్డ్ చేశాను. అప్పుడది యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతోంది.

రాత్రే వచ్చింది ఇంటికి. చెప్పులు కూడా విప్పలేదు.

"నీకు కమిటీ అంటే ఏంటో తెలుసా చిన్నమ్మమ్మా? ఆయన రూమ్ పక్క రూమ్ సార్ కూర్చుంటాడు అందులో. నా రికమెండేషన్ లెటర్ రాసేది ఆయనే."

రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయి అత్యాచారానికి గురైన భన్వరీదేవి నుంచి మొదలుపెట్టాను. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం. తీర్పు నుంచి చట్టానికి పదహారేళ్ళు పట్టిందని చెప్పాను. పేరు ఎవరైనా ఎవరిదైనా రాయవచ్చు, రేపు అదే ఆయుధం మన మీదికి తిప్పుతారన్నాను. అది విన్నది. దానికి కోపమొస్తే గొంతు తగ్గుతుంది.

"సరే. కమిటీ లేనప్పుడు మీరేం చేశారు? మీ మధ్యలో అలాంటివాళ్ళు లేరా?"

"అప్పటి పరిస్థితులు వేరు" అన్నాను. లాంతరు వెలుగులో తలుపు వేసుకున్న గది గుర్తొస్తుండగానే ఆ మాట అన్నాను. అది నా ముఖం చూసింది. ఏం చూసిందో తెలియదు. ఆరు నెలలు మా ఇంటికి రాలేదు. మా అక్క మధ్యలో పడి, పండక్కి తీసుకొచ్చింది.

తిరిగి మాకు మాటలు కలిసింది 2019లో. శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ మీద జరిగిన ఘోరం తర్వాత నిందితులు నలుగురినీ డిసెంబరు 6న తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచుకున్నారు. మా అపార్ట్‌మెంట్‌లో నాకూ ఒక లడ్డూ ఇవ్వబోయారు. ఆ ఉదయం మనవరాలు ఫోన్ కూడా చేయకుండా వచ్చింది.

"అందరూ సంతోషంగా ఉన్నారు, నాకు ఏడుపొస్తోంది. నేను తప్పా?" అంది.

అప్పుడు దానికి రమీజాబీ కథ చెప్పాను, మొత్తం. పోలీసు చేతికి న్యాయం అప్పగిస్తే ఏమవుతుందో ఈ నగరానికి ఒకసారి తెలుసని. స్త్రీల హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు లేఖ రాస్తే, మృతదేహాలను భద్రపరచమని కోర్టు ఆదేశించింది. ఆ లేఖ రాసిన వాళ్ళను నెట్‌లో తిట్టని బూతు లేదు. అవన్నీ అది చదివి నాకు వినిపించింది, తర్వాత ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ మా సోఫాలోనే పడుకుంది. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని 2022లో తేల్చిన రోజు నాకు మెసేజ్ పెట్టింది: "నీ రమీజాబీ గుర్తొచ్చింది."

మేం ఇంకా చాలా వాటి మీద వాదించుకుంటాం. ఒక మార్చి 8 సభకు ట్రాన్స్ మహిళలను పిలిస్తే, నాతో పాటు పోస్టర్లు వేసిన నా స్నేహితురాలు రానంది. ఇది ఆడవాళ్ళ రోజు, ఇది కూడా వదులుకోవాలా అంది. నేను ఎటూ చెప్పలేక ఊగాను. ఆ సభలో ఒకామె చెప్పింది. హిజ్రాలు పేరు నమోదు చేయించుకోవాలి, చీర కట్టుకుని రోడ్డు మీద కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు అనే 1919 నాటి చట్టం ఇక్కడ ఉండేది. 2023లో హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకంలోనే ఉంది. నల్లకుంటలో, అదే గోడల దగ్గర, అదే రాత్రుల్లో వాళ్ళనూ పట్టుకుని తీసుకెళ్ళి ఉంటారు కదా. మా మూల మీద కాపలా మనిషికి వాళ్ళు కనబడి ఉంటారు. మా కరపత్రాల్లో వాళ్ళ గురించి ఒక్క వాక్యం లేదు. నా స్నేహితురాలు ఇప్పటికీ ఒప్పుకోదు. ఆమె మోకాళ్ళ ఆపరేషన్‌కు తోడు వెళ్ళి ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉన్నది మాత్రం మా మనవరాలే.

*

మైదా రాత్రి, జిగురు చల్లారేలోపు, పిల్లలకు ఖమ్మం పిల్ల సంగతి చెప్పాను. ఫోన్ వచ్చిన సంగతీ చెప్పాను. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్‌కు కాగితాలు ఎగురుతుంటే ఒక పిల్ల వాటి మీద స్కేలు పెట్టింది.

"సభకు వెళ్ళు. లేచి చెప్పు" అంది మనవరాలు.

"ఆమెను అడక్కుండా నేనెలా చెప్పను? అది ఆమె బతుకు."

"అంటే ఇంకా ఆయన్నే కాపాడుతున్నావు."

నేను కాదన్నాను. అది అవునంది. రెండూ నిజమేనని నాకు తెలుసు. అప్పుడు వాళ్ళలో చిన్నపిల్ల, ఇరవై రెండేళ్ళుంటాయేమో, నెమ్మదిగా అడిగింది. "అమ్మమ్మా, ఇన్నేళ్ళలో మీరు ఆమెను ఎప్పుడైనా అడిగారా?"

లేదు. ఎక్కడుందో తెలుసుకోడానికి రెండు ఫోన్లు సరిపోయేవి. నలభై ఏళ్ళకు పైగా ఆ రెండు ఫోన్లు చేయలేదు.

వాళ్ళు పోస్టర్లు తీసుకుని తెల్లవారుజామున వెళ్ళారు. నేను గిన్నె నానబెట్టాను. మైదా ఆరితే రాయిలా పట్టేస్తుంది.

సభకు నేను వెళ్ళలేదు. పెద్దాయన ఉద్యమ జీవితం గురించి మర్నాడు పేపర్లో అర కాలమ్ వచ్చింది. మాట్లాడిన వాళ్ళ పేర్లు కింద వరసగా ఇచ్చారు. ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. రాసింది చదివి మనవరాలు మళ్ళీ కోప్పడింది. ఖమ్మం పిల్ల నుంచి మాట వచ్చేదాకా రాయనని చెప్పాను.

నంబరు దొరికింది. మూడోసారికి ఎత్తింది. టీచరుగా చేసి రిటైరయిందట. నా పేరు చెప్పగానే, "ఆఁ, అక్కా" అంది, నిన్ననే మాట్లాడుకున్నట్టు. పిల్లలు, మోకాళ్ళు, ఖమ్మంలో ఎండలు. ఆమె రాతలో సున్నలు ఊడేవి కావని మా మనవరాలికి చెప్పానంటే నవ్వింది. తర్వాత, నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ రోజు గదిలో ఆ మాట అన్నది నేనేనని, మెట్ల మీద ఆమెకు చెప్పని ఆ మాట. అవతల టీవీ చప్పుడు ఆగింది.

"ఆయన పోయిండని పేపర్ల చూసిన" అంది. "సభల ఎవరెవరు మాట్లాడిన్రు?"

పేపరు నా ఒళ్ళోనే ఉంది. ఒక్కొక్క పేరూ చదివాను. అందులో రెండు పేర్లు ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళవి.

"వాళ్ళకు తెలుసు గద అక్కా" అంది.

"తెలుసు" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.